ఆ రెండు నిమిషాల తర్వాత

పాపకు మొదటిసారి ఫిట్ వచ్చిన రోజు ఇంట్లో ఎవరికీ గడియారం గుర్తుండదు. ఒకరు తాళాల గుత్తి చేతిలో పెట్టమంటారు, ఇంకొకరు ఉల్లిపాయ వాసన చూపించమంటారు. ఆసుపత్రి, స్కానింగు, ఈఈజీ అన్నీ అయ్యాక ఒక సిరప్ సీసాతో ఇల్లు చేరతారు. నిజానికి మీ పని అక్కడి నుంచే మొదలవుతుంది.

ఒక్క ఫిట్ వచ్చినంత మాత్రాన మూర్ఛ వ్యాధి అని ముద్ర వేసుకోకండి. చాలామంది పిల్లలకు మొదటి ఫిట్‌కే మందు మొదలుపెట్టరు కూడా. ఈఈజీలో తేడా ఉన్నా, స్కానులో మచ్చ కనిపించినా, మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువని డాక్టరు గారికి తోస్తేనే మందు రాస్తారు. మన దేశంలో ఆ మచ్చ చాలాసార్లు బద్దెపురుగు తిత్తి. దాని గుడ్లు కడగని కూరల మీదుగా, శుభ్రం లేని చేతుల మీదుగా లోపలికి వెళ్తాయి. శాకాహారుల ఇళ్లలోనూ వస్తుంది. కాబట్టి తప్పు ఎవరిదంటూ అత్తింటి వైపు, పుట్టింటి వైపు లెక్కలు తీయకండి.

వారం పది రోజులు గడిచేసరికి కొత్త దిగులు మొదలవుతుంది. పాప మునుపటిలా లేదు. మధ్యాహ్నం తూగుతోంది. చిన్న మాటకే విరుచుకుపడి కంచం తోసేస్తోంది. ఇది జబ్బా, మందా, మన గారాబమా?

ఫిట్ తర్వాత వచ్చే తలనొప్పి, ఒళ్లునొప్పులు, మగత సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటాయి. ఆ తర్వాత కనిపించే మార్పుల్లో మందు వాటా ఎంతో చూడాలి. లెవిటిరాసెటామ్ వాడే పిల్లల్లో కొందరికి నిద్రమత్తుతో పాటు చిరాకు, కోపం, ఊరికే ఏడుపు వస్తాయి. అది పొగరు కాదు, కొట్టి మాన్పించేదీ కాదు. వాల్‌ప్రోయేట్‌తో ఆకలి, బరువు పెరగవచ్చు, జుట్టు రాలవచ్చు. మత్తు తరచు కొన్ని వారాల్లో తగ్గుతుంది. కోపం తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి. మోతాదు సవరించడానికో, మందు మార్చడానికో దారి ఉంటుంది.

మీ అంతట మీరు మందు ఆపడం మాత్రం వద్దు. హఠాత్తుగా ఆపితే ఫిట్ మళ్లీ రావచ్చు, ఆగకుండానూ రావచ్చు. ఒంటి మీద దద్దుర్లు లేచినా, వాంతులు ఆగకపోయినా, కళ్లు పచ్చబడినా, చనిపోతానన్న మాట పాప నోట వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే డాక్టరును కలవండి.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. డాక్టరు గారు పాపను చూసేది పది నిమిషాలు. మిగతా రోజంతా చూసేది మీరే. మందు వేసిన వేళ, నిద్ర, కోపం వచ్చిన సమయం రాయండి. పిలిచినా పలక్కుండా చూపు నిలిచిపోవడం, పెదవులు చప్పరించడం, పొద్దున్నే చేయి ఉలిక్కిపడి గ్లాసు జారిపోవడం వంటివి కనిపిస్తే తప్పకుండా రాయండి. అవి కూడా చిన్నపాటి ఫిట్సే కావచ్చు. వీలైతే ఫోన్‌లో వీడియో తీయండి. మీ పది వాక్యాల కన్నా ఆ అర నిమిషం డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

సిరప్‌ను వంటింటి చెంచాతో కాక, గీతలున్న సిరంజితో కొలవండి. ఒక పూట మరిచిపోతే, వేసిన వెంటనే వాంతి అయితే ఏం చేయాలో ముందే అడిగి అదే పుస్తకంలో రాసుకోండి. రెండు పూటలది కలిపి వేయకండి. పండక్కి ఊరెళ్లేటప్పుడు సీసాలో ఎంత ఉందో చూసుకోండి.

మళ్లీ ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏదీ పెట్టకండి, అదిమి పట్టుకోకండి. ఈసారి గడియారం చూడండి. 5 నిమిషాలు దాటితే డాక్టరు ఇచ్చిన ముక్కు స్ప్రే ఉంటే కొట్టి, 108కి ఫోన్ చేయండి. ఈ నాలుగు మాటలూ అమ్మమ్మకూ, క్లాస్ టీచరుకూ చెప్పి ఉంచండి.

పాప బడికి వెళ్లవచ్చు, ఆడుకోవచ్చు. బావి, చెరువు, పిట్టగోడ దగ్గర మాత్రం పెద్దవాళ్లు తోడుండాలి. స్నానానికి వెళ్తే గడియ వేసుకోవద్దని చెప్పండి. అలాగని తలుపు బయట నిలబడి నిమిషానికోసారి పిలవకండి.

ఒళ్లంతా కొట్టుకునే ఫిట్‌లో ఏం జరిగిందో సాధారణంగా పాపకు గుర్తుండదు. ఆమె చూసేది ఆ తర్వాతి మీ ముఖాన్నే. అందుకే గుసగుసలు మాని, ‘నీ మెదడులో కాసేపు కరెంటు ఎక్కువైంది, ఈ మందు దాన్ని అదుపులో ఉంచుతుంది’ అని చెప్పండి. రోజూ మందు వేశాక పుస్తకంలో టిక్కు పెట్టే పని పాపకే ఇవ్వండి.