'రిడ్యూస్' అంటే తగ్గించడమేనా?

ఇంటర్ దాకా తెలుగు మీడియం చదివి, డిగ్రీలో ఇంగ్లీషు మీడియంలో వచ్చిపడ్డ నాబోటివాళ్ళకు 'రిడ్యూస్' అనే క్రియతో పెద్ద తంటా. నిఘంటువు తీస్తే తగ్గించు అంటుంది. కెమిస్ట్రీలోనేమో ఎలక్ట్రాన్లను గ్రహించడం రిడక్షన్. వచ్చి చేరుతుంటే తగ్గడం ఏమిటండీ?

మాట లాటిన్‌ది. 'రె' అంటే వెనక్కి, 'డూకెరె' అంటే నడిపించడం. కండక్టరు, ప్రొడ్యూసరు, ఆఖరికి ఇంగ్లండు డ్యూకుగారు కూడా ఈ ఇంటివాళ్ళే. పక్కచేలో పడబోయే గొడ్లను మా ఊళ్ళో "మళ్ళించుకు రారా" అంటారు చూడండి, అచ్చం అదే పని. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో దీని అర్థం ఇదే. 'తగ్గించు' అనేది చాలాకాలం తర్వాత వచ్చి ఇంటి పెత్తనం తీసుకుంది.

ఇప్పుడు కొలిమి దగ్గరికి వెళదాం. ఖనిజంలో ఆక్సిజన్‌తో కలిసిపోయిన ఇనుమును మళ్ళీ ఇనుముగా మళ్ళించడమే రిడక్షన్. 160 గ్రాముల ఫెర్రిక్ ఆక్సైడు నుంచి 112 గ్రాముల ఇనుము వస్తుంది. జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుక్కున్నది 1897లో. అప్పటికే ఈ పేరు పాతబడింది. కొత్త అర్థం వచ్చి పాత పేరులోనే కాపురం పెట్టింది. (ఇనుము ఆక్సీకరణ సంఖ్య +3 నుంచి సున్నాకు తగ్గుతుంది కదా అనేవాళ్ళు దాంతో తృప్తిపడవచ్చు.) మన పుస్తకాల్లోని 'క్షయకరణం' మాత్రం తగ్గడాన్నే పట్టుకుంది. మళ్ళింపు అనే భావం అందులో లేదు. మొదటిరోజే లెక్చరరుగారు ఈ సంగతి ఒక్కమాట చెబితే బట్టీ బాధ సగం పోతుంది.

డాక్టర్లదీ పాత అర్థమే. మా నాన్న చెయ్యి విరిగినప్పుడు చీటీ మీద 'క్లోజ్డ్ రిడక్షన్' అని రాశారు. చెయ్యి పొట్టి చేస్తారేమోనని చిన్నాన్న బెంబేలు పడ్డాడు! కోత పెట్టకుండా ఎముకను యథాస్థానానికి తేవడమని దాని అర్థం. పుత్తూరు కట్టు కట్టేవాళ్ళు చేసేదీ ముందు ఆ పనే. లెక్కల్లో 6/8ని 3/4గా రిడ్యూస్ చేస్తాం, విలువ రవ్వంతైనా తగ్గదు.

వాడుకలో జాగ్రత్త పడాల్సింది 'బై', 'టు'ల దగ్గర. బస్తా ధర 'బై 200' రిడ్యూస్ అయిందంటే ఉన్నదాంట్లో 200 రూపాయలు పోయాయని, ఎలాగో ఓర్చుకుంటాం. 'టు 200' అంటే మిగిలిందే 200 అని. అప్పుడిక రైతు బస్తాలు మళ్ళీ బండికెత్తి ఇంటికి మళ్ళించుకోవలసిందే.