ఊహించు – చేసి చూడు

తమ్ముళ్లారా! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ప్రయోగాలు చేయకుండా సీనియర్ల రికార్డు చూసి రాశాను. మార్కులొచ్చాయి. పీజీలో బ్యూరెట్ పట్టుకుంటే చెయ్యి వణికింది.

అందుకే ఈ పద్ధతి చెబుతున్నాను. కృష్ణపట్నం సముద్రపు నీరు, రొయ్యల గుంట నీరు, బోరు నీరు ల్యాబ్‌కు తీసుకెళ్లండి. దేనిలో ఉప్పు ఎంతో ముందే ఊహించి రాసుకోండి. మోర్ 1856లో చెప్పిన పద్ధతిలో పొటాషియం క్రోమేట్ చుక్కలు వేసి, సిల్వర్ నైట్రేట్‌తో టైట్రేషన్ చేయండి. సముద్రపు నీటిని ముందు పలుచన చేయాలి. లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి మరి. మొదట తెల్లని అవక్షేపం వస్తుంది. క్లోరైడ్ అయిపోగానే ఇటుక ఎరుపు నిలుస్తుంది.

ఊహ తప్పితే కొట్టేయకండి. ఎందుకు తప్పిందో పక్కవాడితో చర్చించి, అదీ రికార్డులో రాయండి.

2008లో మన జిల్లాకు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వచ్చింది. అక్కడికి మీరు చెయ్యి వణక్కుండా వెళ్లాలి.