కొత్త ఊళ్లో ఒంటరితనం – ధమ్మం చూపే దారి



ఉపాసకులారా, మన పిల్లలు ఇప్పుడు దూరం వెళ్తున్నారు. గ్రూప్స్ కోచింగ్‌కి అశోక్‌నగర్, కంప్యూటర్ కోర్సుకి అమీర్‌పేట, ఇంటర్వ్యూకి ఢిల్లీ, ఉద్యోగానికి పూణే. చాలామంది తమ ఇంట్లో అంత దూరం వెళ్లిన మొదటి మనిషి. పగలు పనిలో గడిచిపోతుంది. సాయంత్రం గదికొచ్చి తలుపు వేసుకున్నాకే కష్టం. తిన్నావా అని అడిగేవాళ్లు ఉండరు. ఈ పాఠం ఆ గదిలో కూర్చున్న మీ కోసం.

బాబాసాహెబ్ ఉన్న గది

1917లో బాబాసాహెబ్ బరోడా సంస్థానంలో కొలువు చేయడానికి వెళ్లారు. అప్పటికే అమెరికాలో, లండన్‌లో చదివి వచ్చిన మనిషి. అయినా బరోడాలో తలదాచుకోవడానికి చోటు లేదు. చివరికి ఒక పార్శీ సత్రంలో, పార్శీ పేరు రాసి దిగారు. మేడ మీద చిన్న గది. దాని పక్కన పాత సామాన్లతో నిండిన పెద్ద హాలు. కరెంటు దీపాలు లేవు, రాత్రికి ఒక చిన్న లాంతరు. హాలు నిండా గబ్బిలాలు. మాట్లాడే మనిషి లేక పుస్తకాల్నే తోడు చేసుకున్నానని, చదువుతున్నంతసేపూ ఒంటరితనం మరిచిపోయేవాణ్ణని ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాసుకున్నారు.

పదకొండో రోజు పార్శీలు కర్రలు పట్టుకొని వచ్చి సత్రం ఖాళీ చేయమన్నారు. తెలిసిన హిందూ మిత్రుడూ, క్రైస్తవ మిత్రుడూ ఇంట్లో చోటివ్వలేదు. కమాఠీ బాగ్ తోటలో గంటలతరబడి కూర్చొని, ఆ రాత్రే రైలెక్కి బొంబాయి వెళ్లిపోయారు.

ఒంటరితనం రెండు రకాలు

ఒకటి మనసులోంచి వచ్చేది. మేఘియ భిక్షువు సంగతి చూడండి. కిమికాలా నది ఒడ్డున చక్కని మామిడితోట చూసి, అక్కడ ఒంటరిగా ధ్యానం చేస్తానన్నాడు. ఇంకో భిక్షువు వచ్చేదాకా ఆగమన్నారు తథాగతుడు. మూడోసారి అడిగితే సరే వెళ్లమన్నారు. తోటలో కూర్చున్నాడో లేదో, కోరిక, కోపం, హింస ఆలోచనలు ముసురుకున్నాయి. తిరిగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. మనసు ఇంకా పండనప్పుడు అయిదు తోడ్పడతాయని తథాగతుడు చెప్పారు: మంచి మిత్రుడు, శీలం, మంచి మాట, పట్టుదల, ప్రజ్ఞ. మిత్రుడే మొదట. భిక్షువుకే అలా అయితే లాడ్జి గదిలో మనకు దిగులు పుట్టడం సిగ్గుపడే విషయం కాదు.

రెండోది బయటినుంచి మన మీద పడేది. రూమ్మేట్ ఇంటిపేరు అడుగుతాడు. ఓనర్ ‘మీరేవిట్లు?’ అంటాడు. మీరు ఫోన్ వాల్‌పేపర్ మీద బాబాసాహెబ్ ఫోటో మార్చేస్తారు. ఇక చుట్టూ నలుగురున్నా ఒంటరే. ఇది మీ మనసులోని లోపం కాదు. కులం పెట్టిన గోడ. దీనికి ధ్యానం ఒక్కటే మందు కాదు, సంఘం కావాలి.

‘అబద్ధం చెప్పనని ప్రతిజ్ఞ చేశాం కదా, మరి?’ అని కుర్రాళ్లు అడుగుతుంటారు. చెప్పకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. అడిగిన ప్రతివాడికీ జవాబు బాకీ లేం. ‘నేను బౌద్ధుణ్ణి’ అని చెప్పగలిగిన చోట చెప్పండి. ప్రమాదం ఉందనిపిస్తే మాట మార్చేయండి. మీ భద్రత ముందు.

ఏం చేయాలి?

1. బయల్దేరే ముందే ఆ ఊళ్లో ఒక్క ఉపాసకుడి నంబరైనా అడిగి రాసుకోండి. వెళ్లిన రోజే ఫోన్ చేయండి, కష్టం వచ్చేదాకా ఆగొద్దు.

2. పొద్దున, రాత్రి త్రిశరణం, పంచశీల చెప్పుకొని పది నిమిషాలు శ్వాస గమనించండి. దిగులు వస్తే ‘దిగులు వచ్చింది’ అని గుర్తించండి. అది వస్తుంది, పోతుంది.

3. రోజూ ఒకే చోట టీ తాగండి. నాలుగో రోజుకి టీ కొట్టాయన మిమ్మల్ని గుర్తుపడతాడు. మైత్రి అక్కణ్ణుంచే మొదలవుతుంది.

4. దిగులుకి మందని ఎవరైనా గ్లాసు చేతికిస్తే అయిదో శీలం గుర్తు తెచ్చుకోండి. పొద్దునకి దిగులు అలాగే ఉంటుంది, జేబు ఖాళీ అవుతుంది.

5. సెలవు రోజు గదిలో ఉండొద్దు. ఢిల్లీలో ఉంటే బాబాసాహెబ్ చివరి శ్వాస విడిచిన 26, అలీపూర్ రోడ్డుకి వెళ్లండి, ఇప్పుడది జాతీయ స్మారకం. నాగపూర్‌లో దీక్షాభూమి ఉంది. అక్కడ మీ పేరు దాచక్కర్లేదు.

6. నిద్ర పట్టక, తిండి సహించక రోజుల తరబడి గడుస్తుంటే, చచ్చిపోదామన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, వెంటనే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ సేవ, తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లోవాళ్లకీ చెప్పండి. డాక్టరు దగ్గరికి వెళ్లడం ధైర్యం తక్కువై కాదు.

ఊళ్లో ఉన్నవాళ్లకి

మంచి స్నేహం ధమ్మజీవనంలో సగమని ఆనందుడు అంటే, సగం కాదు, మొత్తమూ అదేనన్నారు తథాగతుడు. కాబట్టి ఈ ఆదివారం వందన అయ్యాక ఒక నోటుబుక్కు తీయండి. మన వాడలోంచి బయటి ఊళ్లకి వెళ్లిన అమ్మాయిల, అబ్బాయిల పేర్లు, నంబర్లు రాయండి. ఒక్కొక్కరి బాధ్యత ఒక్కో ఉపాసకుడు, ఒక్కో ఉపాసిక తీసుకోవాలి. వారానికి ఒక ఫోను. మార్కుల గురించి, జీతం గురించి కాదు, ‘ఎలా ఉన్నావ్ బిడ్డా?’ అని మాత్రమే.

బరోడాలో బాబాసాహెబ్ కూర్చున్న చోటుని ఇవాళ సంకల్ప భూమి అంటున్నాం, దండం పెట్టి వస్తున్నాం. ఆ రోజు ఆయనకి తలుపు తీసినవాడు ఒక్కడూ లేడు. ఇప్పుడు ఏ ఊళ్లోనైనా మన బిడ్డకి ఒక తలుపు తెరిచి ఉండాలి. అది మన పని.

జై భీమ్. నమో బుద్ధాయ.