సెలవు దినములలో వంటయింటి తెలుగు

అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన పిమ్మట డిసెంబరు చివరి వారమున బడికి సెలవులు వచ్చును. క్రిస్మస్ పండుగయు, ఆంగ్ల సంవత్సరాదియు ఆ సెలవులలోనే గడచును. మరల బడి తెరచిన రెండు వారములకే సంక్రాంతి సెలవులు. ఈ దినములలో పిల్లలు ఇంట నుందురు. పెద్దలు పిండివంటల పనిలో నుందురు. పిల్లలు కాళ్ళకు అడ్డము వచ్చుచున్నారని వారిని వెలుపలికి పంపివేయుటయో, చేతికి ఫోను నిచ్చి ఒక మూల కూర్చుండబెట్టుటయో నేడు ఇంటింట సామాన్యమైనది. తల్లిదండ్రులు అట్లు చేయవలదని కోరుచు, ఆ వంటయిల్లే పిల్లలకు తెలుగు బడి యెట్లగునో ఈ వ్యాసమున వివరింపదలచితిని.

పెరియకుళము ప్రక్కనే వెల్లుల్లి సంతకు పేరుపడిన వడుగపట్టి కలదు. తమిళమున వడుగర్ అనగా ఉత్తరాది వారు, అనగా తెలుగువారు. 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మధుర నేలుటకు వచ్చిన పిమ్మట అనేక తెలుగు కుటుంబములు ఈ సీమకు వచ్చి పడమటి కనుమల అడుగు వరకు స్థిరపడినవి. ఇన్ని తరములు మన భాష నిలిచినది పుస్తకముల వలన గాదు. అక్షరము వచ్చినవారు ఒక్కరైన లేని యిండ్లలో సైతము అది నిలిచినది. వంటయింటను, పశువుల కొట్టమునను, ఉయ్యాల ప్రక్కను నిలిచినది.

బడి చేయగల పని కొంత కలదు. కాని దానికి హద్దులును కలవు. 2006 నాటి తమిళ భాషాభ్యసన చట్టము వలన 2006-07 లో ఒకటవ తరగతితో మొదలై, ఏటేట ఒక్కొక్క తరగతిగా 2015-16 నాటికి పదవ తరగతి వరకు తమిళము తప్పనిసరి పాఠ్యమైనది. తమిళము మనకు అన్నము పెట్టు భాష. దానిని మన పిల్లలు చక్కగా నేర్చుట మేలే. అయితే తెలుగునకు మిగులు గంటలు కొద్ది. ఆ కొద్ది గంటలలో మేము గుణింతములును, వాక్యములును నేర్పగలము గాని, బ్రతుకులో పుట్టు మాటలను పలక మీద పుట్టింపజాలము.

అరిసెనే తీసికొందము. పలక మీద ఆ మాటను వ్రాయించుటకు అర నిమిషము చాలును. కాని అరిసె పొయ్యి దగ్గరకు వచ్చునంతలో ఎన్ని మాటలు దాటవలయునో చూడుడు. కిలో బియ్యమును ముందునాడే కడిగి నానబోయవలెను. ఒక రాత్రియు ఒక పగలును నానిన మేలు. నడుమ నీరు మార్చనిచో పులిసిన వాసన పుట్టును. పిదప నీరు వంచి, జల్లెడలో వడియనిచ్చి, గుడ్డపై నీడపట్టున ఆరబోయవలెను. పూర్తిగా ఎండరాదు, పిడికిట పట్టిన తడి తగులవలెను గాని నీరు కారరాదు. ఆ తడి మీదనే దంచి, జల్లించి, పిండి ఆరిపోకుండ గిన్నెలో అదిమి మూత పెట్టవలెను. రోలు రోకలి లేనివారు తడి బియ్యము పట్టు మరలో పట్టించుకొనవచ్చును. పొయ్యి ముట్టింపక మునుపే కడుగుట, నానబోయుట, వంచుట, వడియనిచ్చుట, ఆరబోయుట, దంచుట, జల్లించుట, అదుముట అను ఎనిమిది క్రియలు వచ్చినవి. తెలుగు మాటలాడు మన పిల్లలలో ఎందరికి ఈ ఎనిమిదియు నోట వచ్చునో తల్లులే పరీక్షించి చూడవచ్చును.

ఇక్కడ ఒక విశేషము చెప్పవలెను. తమిళమున కాయుట అను ఒక్క మాట బియ్యము తడి యారుటకును, వడియము ఎండుటకును, నూనె వేడెక్కుటకును చెల్లును. తెలుగున బియ్యము నీడను ఆరును, వడియము ఎండను ఎండును, నూనె పొయ్యిపై కాగును. మన పిల్లవాడు ఈ మూడింటిని ఒక్క మాటలో కలిపివేసిన, వానికి తెలుగు రాదని కోపింపరాదు. వాడు ఆ మూడు పనులను తెలుగు వినిపించుచుండగా చూడలేదు, అంతియే.

ఇక పాకము సంగతి. ముప్పాతిక కిలో బెల్లమును చితుకగొట్టి, కొద్ది నీటితో కరగించి, ఇసుకయు నలుసులును పోవునట్లు వడగట్టి, మరల పొయ్యిపై నుంచవలెను. తెల్లగా మెరయు బెల్లము కంటె కొంచెము నల్లనిదే మంచిది. ప్రక్కన ఒక గిన్నెలో చన్నీరు పెట్టుకొని, ఉడుకుచున్న పాకమును ఒక చుక్క అందులో వేసి వ్రేళ్ళతో కూడదీయవలెను. నీటిలో కరగిపోయిన అది లేతపాకము. మెత్తని ఉండ కట్టిన అది ఉండపాకము. అరిసెలకు కావలసినది అదియే. ఆ ఉండ పళ్ళెముపై వేయగా ఠంగున మ్రోగిన ముదిరిపోయినట్లు. లేతపాకము పట్టిన అరిసె నూనెలో విచ్చిపోవును. ముదురుపాకము పట్టినది తాతగారి పంటికి పరీక్షయగును. లేత, ముదురు అను మాటలు ఆకునకు, కాయకు, రంగునకు కూడ చెల్లును. ఈ భేదమును తరగతిలో చెప్పవలెనన్న మేము ఉదాహరణలు వెదకుకొనవలెను. పాకపు గిన్నె ప్రక్కన నిలిచిన పిల్లకు ఒక్క చుక్కతో బోధపడును.

పాకము దింపి, నువ్వులును, నేయియు, ఏలకుల పొడియు వేసి, పిండిని కొంచెము కొంచెముగా చల్లుచు కలియబెట్టిన చలిమిడి యగును. ఏలకులకు మనము దూరము పోనక్కరలేదు. దేశమున పేరు గాంచిన ఏలకుల వేలము మన జిల్లాలోని బోడినాయకనూరుననే జరుగుచున్నది. చలిమిడిని ఉండలు చేసి, నూనె రాచిన అరటియాకుపై తట్టి, కాగిన నూనెలో వేచి, రెండు చెక్కల నడుమ ఒత్తి నూనె పిండవలెను. తమిళుల యిండ్లలో దీపావళికి చేయు అదిరసము దీనికి తోబుట్టువే. అయితే వారు పిండిని ఒకటి రెండు దినములు, ఒక్కొక్కచోట అంతకంటె ఎక్కువ, ఊరనిచ్చి వేచుదురు. ఆంధ్రదేశమున సంక్రాంతికి సాధారణముగ పిండి వెచ్చగా నుండగనే వేచుదురు. అంగడిలో కొన్న అరిసెకు ఒక్క పేరే యుండును, అదియు కాగితముపై అచ్చువేసిన పేరు.

క్రిస్మస్ నాటి వంటలలోను మన మాటలు దాగియున్నవి. మన బడిలో హిందువుల పిల్లలును క్రైస్తవుల పిల్లలును ఒకే బల్లపై కూర్చుందురు గదా. ఈ దినములలో పళ్ళెములు వీధి దాటి వచ్చుచుండును. తమిళ క్రైస్తవుల యిండ్లలో చేయు కల్‌కల్ అను తీపి వంటను చూచినవారికి అది మన గవ్వలే యని తెలియును. గోవాలోని క్రైస్తవులును క్రిస్మస్‌కు దీనిని ఇదే రీతిని చేయుదురు. పిండిని గట్టిగా కలిపి, గోలీకాయలంత ఉండలు చేసి, గీతలు గల చెక్కపై గాని, క్రొత్త దువ్వెన పండ్లపై గాని బొటనవ్రేలితో నొక్కి చుట్టినచో సముద్రపు గవ్వ రూపము వచ్చును. వారు పిండిలో కొబ్బరిపాలు, కోడిగ్రుడ్డు చేర్చి చక్కెరతో పూత పట్టింతురు. మనము వేచిన గవ్వలను బెల్లపు ముదురుపాకమున వేసి కలుపుదుము. అరిసెకు పనికిరాని ముదురుపాకమే గవ్వకు ప్రాణము! గుంటూరు మండలమునకు 1842లో లూథరన్ మిషనువారు వచ్చిరి. అక్కడి తెలుగు క్రైస్తవుల క్రిస్మస్ పళ్ళెమున నేడు అరిసెలును, కజ్జికాయలును, జంతికలును కనబడును. పండుగ వేరైనను పొయ్యి మీది మాటలు మారలేదు.

గులాబీ పూవులను తమిళులు అచ్చు మురుక్కు అందురు. పొడవైన కాడ గల ఇనుప అచ్చును కాగిన నూనెలో వేడిచేసి, పలుచని పిండిలో ముప్పాతిక వంతు మాత్రము ముంచి, మరల నూనెలో నుంచి విదిలించిన పూవు ఊడిపడును. అచ్చు పై యంచును పిండి కప్పినచో పూవు ఊడదు. ఇట్టి అచ్చులతోనే స్వీడను, నార్వే దేశములవారును క్రిస్మస్‌కు పూవులు వేచుదురని విన్న పిల్లల కన్నులు విప్పారును. భూగోళ పటమును అప్పుడే గోడకు తగిలింపవచ్చును.

వంటతో పాటు చేతిపనియు కలదు. క్రిస్మస్ నక్షత్రమును అంగడిలో కొనుట సులభము. చేయుటయు కష్టము గాదు, పైగా అందులో తెలుగుతో బాటు గణితమును కలదు. సమానమైన ఐదు వెదురు బద్దలను చీల్చి నునుపు చేయవలెను. ఒక్కొక్కటి 60 సెంటీమీటర్లు అనుకొందము. ప్రతి బద్దపైన రెండు కొనల నుండియు 23 సెంటీమీటర్ల దూరమున గుర్తు పెట్టిన, నడుమ 14 సెంటీమీటర్లు మిగులును. గుర్తు మీద గుర్తు వచ్చునట్లు బద్దలను ఒకదాని క్రిందుగా నొకటి దూర్చి, కొనలను రెండేసిగా కలిపి కట్టిన ఐదు కొనల నక్షత్రము ఏర్పడును. ఒక్కొక్క కొన కోణము 36 డిగ్రీలు. ఐదింటి మొత్తము 180 డిగ్రీలు, అనగా త్రిభుజములోని మూడు కోణముల మొత్తమంత. ఇట్టివి రెండు చేసి, కొనకు కొన కట్టి, లోపలి ఐదు కూడళ్ళ నడుమ పొట్టి పుల్లలను నిలిపిన నక్షత్రము ఉబ్బును. అప్పుడు మైదా బంకతో రంగు కాగితము నతికించి, లోన చిన్న దీపము కాగితమునకు తగులకుండ వ్రేలాడదీయవలెను. బద్ద, కొన, కూడలి, ముడి, బిగి, సడలు, దూర్చు, అతికించు: ఈ మాటలు తండ్రులు నేర్పవలసినవి. పని చేయుచు తండ్రి నోట అవి వినబడినచో చాలును, వేరుగ పాఠము చెప్పనక్కరలేదు.

ముగ్గును గూర్చి తల్లులకు నేను చెప్పగలది తక్కువ. ధనుర్మాసమున తమిళుల వాకిళ్ళలో కోలము నడుమ పేడముద్దపై గుమ్మడిపూవు నుంచుదురు. ఆంధ్రదేశమున అదే పేడముద్ద, అదే పూవు గొబ్బెమ్మ యగును. చూపునకు ఒక్కటే, పేరు మాత్రము వేరు. ఆ పేరును పలుకుటయే పిల్లకు మనము ఇచ్చునది. ఈ మాసమున తిరుప్పావై వినబడని వైష్ణవాలయ ముండదు. దానిని పాడిన గోదాదేవి కథనే శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద యను పేర తెలుగున కావ్యముగ రచించెను. ఆమె పుట్టిన శ్రీవిల్లిపుత్తూరు మనకు దక్షిణమున ఈ పడమటి కనుమల చెంతనే కలదు. తెలుగు కావ్యము తమిళ నేలపై నిట్లు వేరూనుకొనినదని పెద్ద తరగతుల పిల్లలకు ఇంట చెప్పిన, తమ భాష ఎక్కడనుండియో వచ్చి చేరిన పరాయి సొత్తను సంకోచము కొంత తగ్గును.

పిండివంట ఆడుపిల్లలకే గాని మగపిల్లలకు తగదను తలపు కొందరికి కలదు. దంచుటకు బలము కావలెను. జల్లెడ పట్టుటకు ఓపిక కావలెను. రెండును మగపిల్లలు నేర్వదగినవే. అయితే నూనె మూకుడు విషయమున జాగ్రత్త యవసరము. వేచు పనిని పెద్దలే చేయుదురు గాక. పది ఏండ్లలోపు పిల్లలను పొయ్యికి నాలుగు మూరల దూరమున గవ్వలు చుట్టుటకు కూర్చుండబెట్టిన, చేతికి పనియు నోటికి మాటయు దొరకును.

మన యిండ్లలో ఒక చిత్రమైన స్థితి యేర్పడియున్నది. అవ్వకు మాట తెలియును, అక్షరము తెలియదు. మనుమరాలికి అక్షరము తెలియును, మాట తెలియదు. ఇరువురును ఒకే చాపపై కూర్చుందురు గాని, ఒకరిది ఒకరికి చేరుట లేదు. అవ్వలు ఎల్లకాలము మనతో నుండరు. కావున ఈ సెలవులలో ప్రతి విద్యార్థియు ఇంట చేసిన ఒక వంటను గాని, ఒక చేతిపనిని గాని, అవ్వయో అమ్మయో నాయనయో చెప్పుచుండగా ఒక కాగితమున వ్రాసి తేవలెనని కోరుచున్నాము. వారు ఏ మాట పలికిన ఆ మాటనే వ్రాయవలెను. మన యిండ్లలో వాడుకలో నున్నమాట పుస్తకములో లేకున్నను దానిని మార్చనక్కరలేదు. ఏ యింట ఏ మాట యున్నదో తెలిసికొనుటయే మాకు కావలసినది. తమిళపు మాట కలిసిన, దానిని తెలుగు లిపిలోనే వ్రాసి క్రింద గీత గీయవలెను. కాగితము పైన వ్రాసినవారి పేరుతో బాటు చెప్పినవారి పేరును ఉండవలెను. వ్రాతలో తప్పులున్నను తల్లిదండ్రులు దిద్ది పంపనక్కరలేదు. దిద్దుట మా పని. సంక్రాంతి సెలవుల తరువాత బడి తెరచిన మొదటి సోమవారమున ఆ కాగితములను తరగతి వారిగ పుచ్చుకొందుము. వీలైనచో వాటితో పాటు రెండు గవ్వలు పంపినను అభ్యంతరము లేదు.