అయస్కాంత పదార్థాలు: గుర్తుంచుకోవాల్సినవి

అన్ని పదార్థాలూ అయస్కాంత క్షేత్రానికి ఎంతోకొంత స్పందిస్తాయని 1845లో చూపినవాడు మైకేల్ ఫారడే. ఆ స్పందనను బట్టి పదార్థాల ప్రధాన రకాలివి.

డయా: క్షేత్రం నుంచి స్వల్పంగా వికర్షణ, ససెప్టిబిలిటీ (క్షేత్రంలో అయస్కాంతత్వం పొందే స్వభావం) రుణాత్మకం. బిస్మత్, రాగి, బంగారం, నీరు. అతివాహకం పరిపూర్ణ డయా అయస్కాంతం, ససెప్టిబిలిటీ విలువ −1 (మైస్నర్ ఫలితం, 1933). ఈ బిట్‌ను వదలొద్దు.

పారా: బలహీన ఆకర్షణ. అల్యూమినియం, ప్లాటినం, ఆక్సిజన్. ద్రవ ఆక్సిజన్ అయస్కాంత ధ్రువాల మధ్య నిలిచిపోతుంది.

ఫెర్రో: బలమైన ఆకర్షణ. ఇనుము, కోబాల్ట్, నికెల్, గడోలినియం. క్యూరీ ఉష్ణోగ్రత దాటితే పారాగా మారతాయి. ఇనుముకు 1043 కెల్విన్ (770 డిగ్రీల సెల్సియస్). పరీక్షల్లో ఎక్కువగా అడిగేది ఇదే.

తికమకపెట్టే ప్రశ్న: విద్యుదయస్కాంతానికి మెత్తని ఇనుము, శాశ్వత అయస్కాంతానికి ఉక్కు లేదా ఆల్నికో. కారణం: మెత్తని ఇనుముకు కోయర్సివిటీ (అయస్కాంతత్వాన్ని తొలగించడానికి కావాల్సిన వ్యతిరేక క్షేత్రం) తక్కువ, ఉక్కుకు ఎక్కువ. హిస్టరిసిస్ వలయ (అయస్కాంతీకరణ చక్రపు గ్రాఫ్) వైశాల్యం ఆ చక్రంలో శక్తి నష్టాన్ని సూచిస్తుంది.