బొంబాయి నగరము – పారసీ నాటకరంగము

ఒక నగరము పెరుగునపుడు దాని రేవులను, మిల్లులను గూర్చి చరిత్రకారులు విపులముగా వ్రాసిరి. పని ముగిసిన సాయంత్రము జనము వినోదమునకై ఎక్కడికి పోయెనో వ్రాసినవారు తక్కువ. బొంబాయి విషయములో ఆ ప్రశ్న మమ్ము ఆకర్షించినది. ఏలయనగా దాని సమాధానములో ఉర్దూ భాషకును, మన తెలుగు రంగస్థలమునకును పాలు కలదు.

1854లో కావస్‌జీ దావర్ తొలి నూలుమిల్లుకు పూనుకొనెను. 1864 జనాభా లెక్కల నాటికి నగరములో ఎనిమిది లక్షలకు పైగా జనులుండిరి. గుజరాతీ, మరాఠీ, కొంకణీ, ఉర్దూ మాటలాడు ఈ జనులలో ఒకరి పలుకు మరొకరికి సగమే తెలియును. 1846లో గ్రాంట్ రోడ్డున వెలసిన నాటకశాలలో మొదట ఆంగ్ల నాటకములే ఆడబడెను. 1853లో పారసీ యువకులు అక్కడనే రుస్తుం, సొహ్రాబుల కథను గుజరాతీలో ప్రదర్శించిరి.

గుజరాతీ నాటకమునకు గుజరాతీ తెలిసినవారే వత్తురు. నాటకశాల నిండవలెనన్నను, కంపెనీ ఊరు దాటి పోవలెనన్నను నలుగురికి తెలిసిన భాష కావలెను. 1870లో బొంబాయి, కలకత్తాలు రైలుమార్గముతో కలిసినవి. మరు సంవత్సరమే విక్టోరియా నాటక మండలి 'సోనే కే మోల్ కీ ఖుర్షీద్'ను ఉర్దూలో ఆడెను. మూలము ఎదల్‌జీ ఖోరీ గుజరాతీ నాటకము. నటులకు ఉర్దూ మాతృభాష కాదు. వ్యాపారమే వారిచేత ఆ భాషను నేర్పించినదనుట సత్యమే. అంతమాత్రమున అది చిన్నతనమని మేము తలపము. 1872లో ఆ మండలి సాలార్ జంగ్ ఆహ్వానముపై హైదరాబాదు వచ్చెను. అప్పటికి ఆ నగరమునకు రైలు లేదు, 1874లోగాని రాలేదు.

ఆ గాలి తీరాంధ్రమునకును సోకినది. బందరులో నాదెళ్ల పురుషోత్తమ కవి 1880ల దశాబ్దిలో హిందూస్థానీ నాటకములను తెలుగు లిపిలో వ్రాసెను. అవి ముప్పది రెండని చెప్పుదురు. మన పద్యనాటకములలో 'పారసీ మెట్టు' అను మాట ఎట్లు వచ్చినదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ నాటకములలో సాహిత్యము పలుచన, ఆర్భాటము మెండు అని విమర్శకులందురు. కొంత నిజమే. కాని ఆ మాట అనునపుడు మున్షీల స్థితిని తలచుకొనవలెను. కంపెనీ జీతముపై బ్రతుకు ఈ రచయితల నాటకములను పోటీ కంపెనీలు అపహరించునను భయముచే పెక్కింటిని యజమానులు అచ్చు వేయనీయలేదు. ఆగా హష్ర్ కాశ్మీరీ వంటి కొలదిమంది పేర్లు మాత్రమే ప్రేక్షకులను రప్పింపగలిగినవి. తక్కినవారి వ్రాతలు చాలవరకు వ్రాతప్రతులతోనే నశించినవి.

చలనచిత్రము ఈ ఇంటిలోనికే వచ్చి చేరినది. 1896 జులై 7న వాట్సన్ హోటలులో ల్యూమియేర్ సోదరుల చిత్రములను చూచుటకు ప్రవేశ రుసుము ఒక రూపాయి. కూలివానికి అది అందనిది. త్వరలోనే ఆ ప్రదర్శనలు నావెల్టీ నాటకశాలకు మారి, నాలుగణాల టిక్కెట్టు వచ్చినది. 1931 మార్చి 14న మెజెస్టిక్‌లో విడుదలైన తొలి టాకీ 'ఆలం ఆరా'కు ఆధారము జోసెఫ్ డేవిడ్ వ్రాసిన పారసీ నాటకమే. దానికి పనిచేసిన హెచ్.ఎం. రెడ్డియే బొంబాయిలో 'భక్త ప్రహ్లాద'ను తీయగా, 1932లో అది తెలుగువారి తొలి టాకీగా వెలువడెను. మున్షీల వ్రాతప్రతులవలెనే 'ఆలం ఆరా' ప్రతియు నేడు ఒక్కటియు లభ్యము కాదు.