కణములో చిక్కుకొన్న కొలెస్టరాల్

కొలెస్టరాల్ అనగానే మనకు గుండెజబ్బు స్ఫురించును. కాని అది లేనిదే మన దేహములో ఏ కణమునకును పొర నిలువదు. రక్తము ద్వారా వచ్చిన కొలెస్టరాల్‌ను కణము లోనికి గ్రహించి, లైసోజోము అను సంచిలో విడదీసి, అవసరమైన చోటికి పంపును. ఆ పంపకము ఆగినప్పుడు కలుగునదే నీమన్–పిక్ 'సి' వ్యాధి. సుమారు లక్ష జననములలో ఒకరికి వచ్చును.

సంచిలోని ఎన్.పి.సి.2 ప్రోటీను కొలెస్టరాల్‌ను అందుకొని ఎన్.పి.సి.1 ప్రోటీనునకు అప్పగించును. అది దానిని పొర దాటించును. ఎన్.పి.సి.1 జన్యువును 1997లో కనుగొనిరి. రోగులలో నూటికి 95 మందికి లోపము ఇందులోనే. లోపము గల జన్యువు తల్లిదండ్రులిద్దరి నుండియు వచ్చిననే వ్యాధి కలుగును. వారు మాత్రము ఆరోగ్యవంతులుగనే యుందురు. మేనరికములు ఇంకను సాగుచున్న మన ప్రాంతమున ఇది తెలియదగిన విషయము. బిడ్డకు కాలేయము, ప్లీహము ఉబ్బును; పిదప కన్నులు పైకి క్రిందికి కదలవు, నడక తడబడును, మ్రింగుట కష్టమగును, బుద్ధి క్షీణించును.

కొలెస్టరాల్‌ను తగ్గించు మందులిచ్చి చూచిరి. మెదడులోని వ్యాధి ఆగలేదు. కారణము స్పష్టమే. మెదడు తన కొలెస్టరాల్‌ను తానే తయారు చేసికొనును. పైగా ఇచ్చట చిక్కు దాని పరిమాణములో గాక రవాణాలో నున్నది. మిగ్లుస్టాట్ అను మందునకు 2009లో యూరోపులో అనుమతి లభించెను. అది వ్యాధి వేగమును కొంత తగ్గించును.

సైక్లోడెక్స్‌ట్రిన్ కథ విచిత్రమైనది. ఈ వ్యాధి గల ఎలుకలకు ఒక హార్మోనును ఇచ్చుటకై దానిని ఈ చక్కెర వలయములతో కరగించిరి. ఎలుకలు ఎక్కువ కాలము జీవించెను. తీరా పరిశీలింపగా మేలు చేసినది ప్రధానముగా హార్మోను కాదు, దానిని కరగించిన పదార్థమే! పుట్టుకతో ఇదే వ్యాధి గల పిల్లులకు మెదడు చుట్టునుండు ద్రవములోనికి ఎక్కించగా వ్యాధి వెనుకబడెను గాని వినికిడి తగ్గెను. మానవులకు వెన్నెముక ద్వారా ఇచ్చిన తొలి పరీక్షలో వ్యాధి నెమ్మదించినట్లు తోచెను. వినికిడి లోపము ఇచ్చటను తప్పలేదు. ఉత్తుత్తి చికిత్స పొందిన వారితో పోల్చిన తరువాతి పరీక్షలో తేడా నిరూపణ కాలేదు. రోగులు కొద్దిమంది, వ్యాధి గతి ఒక్కొక్కరిలో ఒక్కొక్క తీరు. ఇట్టి చోట తేడా కనబడకపోవుటను మందు వ్యర్థమనుటకు చాలిన ఋజువుగా మేము భావింపము. అయినను పోలిక లేని పరీక్షను నమ్ముట అంతకన్న ప్రమాదకరము.

2024 సెప్టెంబరులో అమెరికా రెండు మందులకు అనుమతి నిచ్చెను. ఒకటి మిగ్లుస్టాట్‌తో కలిపి వాడవలసిన అరిమొక్లొమాల్. రెండవది లెవాసిటైల్‌ల్యూసిన్, ఫ్రాన్సులో తలతిరుగుడునకు దశాబ్దములుగా వాడిన ఔషధమునకు దగ్గరి బంధువు. రెండును నోటి ద్వారా పుచ్చుకొనునవే. లోపించిన జన్యువును మాత్రము ఇవి సరిచేయవు.